డీన్ గారి టిఫినుకి పిలుపు

ఈ నెల నా సంచిలో పడ్డ ఉత్తరాల్లో సగం ఒకే సంగతి. అమెరికాలో చదువుకుని అక్కడే వ్యాపారాలు పెట్టిన మనవాళ్ళకి, తాము చదివిన యూనివర్సిటీ బిజినెస్ స్కూలు నుంచి బ్రేక్‌ఫాస్ట్ ఆహ్వానాలు వస్తున్నాయి. "ఆంత్రప్రెన్యూర్లనీ, మా సహాయకులనీ గౌరవించుకుంటున్నాం, దయచేయండి" అని. నవంబరులో ఆంత్రప్రెన్యూర్‌షిప్ వారం ఒకటి ఉంటుంది కనుక ఆ చుట్టుపక్కల ఈ హడావుడి ఎక్కువ. అలాంటి ఒక ప్రభుత్వ యూనివర్సిటీ బిజినెస్ స్కూల్లో, ఆ టిఫిన్లు ఏర్పాటు చేసే ఆఫీసులోనే పదిహేడేళ్ళు పని చేసి రిటైరయ్యాను. దాన్ని డెవలప్‌మెంట్ ఆఫీసు అంటారు. ఆ పేరు విని మా అమ్మ నేను బిల్డింగులు కట్టిస్తున్నాననుకునేది. "కాదమ్మా, చందాలు వసూలు చేస్తాం" అంటే రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

*

అక్కయ్యా, నమస్కారం. మేం ఒహాయోలో ఉంటాం. ఇరవై రెండేళ్ళ క్రితం ఎంఎస్ చేసిన యూనివర్సిటీ నుంచి ఈమెయిల్ వచ్చింది. నాకు చిన్న ప్యాకేజింగ్ కంపెనీ ఉంది, అరవై మంది పని చేస్తారు. ఈ ఏడు గౌరవించేవాళ్ళలో నన్నూ ఎంచుకున్నారట. పొద్దున్న ఏడున్నరకి, హోటల్లో. "ఊరికే పిలవరు, చెక్కుబుక్కు జేబులో పెట్టుకెళ్ళు" అంటోంది మా ఆవిడ. నిజమేనా? అసలు అంత పొద్దున్నే ఎందుకు?

తమ్ముడూ, ముందు చిన్న ప్రశ్న. పొద్దున్నే ఎందుకంటే వ్యాపారం చేసేవాడు సాయంత్రం దొరకడు. మధ్యాహ్నం పిలిస్తే వస్తానని రాసి, ఆ రోజు లారీ ఆగిపోయిందని మానేస్తాడు. ఏడున్నరకి ఇంకా ఏ లారీ ఆగి ఉండదు. తొమ్మిదింటికల్లా అందరూ ఎవరి పనికి వాళ్ళు పోవచ్చు. మద్యం ఖర్చు లేదు, హోటలుకీ ఆ వేళ హాలు ఖాళీ, అద్దె తక్కువ. ఇందులో ఇంతకన్నా వేదాంతం లేదు.

ఇక మీ ఆవిడ మాట. ఆమె చెప్పింది సగం నిజం. మా ఆఫీసులో ప్రతి మనిషికీ నాలుగు దశలుండేవి: గుర్తించడం, సాగు చేయడం, అడగడం, ఇచ్చాక కనిపెట్టుకుని ఉండటం. రెండో దశకి ఇంగ్లీషులో వాడే మాట పొలం సాగుకి వాడేదే. మనుషుల్ని సాగు చేస్తారన్నమాట! మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు. మీ పక్క కుర్చీ ఎవరిదో ఊరికే తేల్చరు. ముందు రోజు సాయంత్రం బల్లల పటం ముందేసుకుని, ఒక్కొక్కరి పేరు పక్కన ఒక వాక్యం రాసుకునేవాళ్ళం: "కూతురు వచ్చే ఏడు కాలేజీకి", "ఈయన దగ్గర స్టేడియం ఊసెత్తొద్దు", "ఎడమ చెవి సరిగా వినపడదు, కుడివైపు కూర్చోబెట్టాలి". మీ పక్కన నవ్వుతూ పళ్ళముక్కలు తినే ఆవిడ ఆ మధ్యాహ్నమే ఆఫీసుకెళ్ళి, మీరేం మాట్లాడారో అర పేజీ రాసి ఫైల్లో పెడుతుంది. మూడు నాలుగు వారాల తర్వాత "కాఫీకి కలుద్దామా" అని ఈమెయిల్ వస్తుంది. అసలు అడగడం ఉంటే గింటే అక్కడుంటుంది.

మిగతా సగం కూడా చెప్తాను. కృతజ్ఞత చెప్పే సభలో డబ్బడగకూడదన్నది మా వృత్తిలో గట్టి కట్టుబాటు. ఆ పొద్దున్న మీ చేతికి ఎవరైనా ప్లెడ్జ్ కాగితం, అంటే ఇంత ఇస్తానని మాట రాసిచ్చే కాగితం, ఇచ్చారంటే ఆ ఆఫీసుకి పని తెలియదని అర్థం. చెక్కుబుక్కు ఇంట్లోనే పెట్టి వెళ్ళండి. మనవాళ్ళకో జబ్బుంది. శాలువా కప్పితే బదులు తీర్చుకోవాలనిపిస్తుంది, లేకపోతే మొహం చెల్లదనుకుంటాం. బొకే అందుకున్న వారంలోనే, ఇంట్లో మాటైనా చెప్పకుండా 50,000 డాలర్లకి సంతకం పెట్టి, తర్వాత రెండేళ్ళు మా ఫోన్లు ఎత్తకుండా తప్పించుకు తిరిగిన వాళ్ళని చూశాను. ఆ సన్మానం మీరు ఇప్పటిదాకా చేసినదానికి. దానిమీద బాకీ ఏమీ లేదు. కాఫీ దగ్గర అడిగితే "ఇంట్లో మాట్లాడి చెప్తాను" అనండి. ఆ మాట వినడానికి వాళ్ళు అలవాటు పడే ఉంటారు.

వాళ్ళకి మీ దగ్గర డబ్బు కన్నా ముందు కావలసింది మీ టైము. సొంతంగా కొత్త వ్యాపారం పెట్టి నడపడం గురించి హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో క్లాసు చెప్పడం 1947లో మొదలైంది. మైల్స్ మేస్ అనే ప్రొఫెసరు కొత్త సంస్థల నిర్వహణ మీద కోర్సు పెడితే 188 మంది చేరారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు, ఒకరి కింద పని చేయడం ఇష్టం లేనివాళ్ళు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈ కోర్సులకి ఉన్న కొరత ఒకటే: జీతాలిచ్చిన మనిషి వచ్చి మాట్లాడాలి. అరవై మందికి నెలనెలా జీతాలు ఇస్తున్నారు మీరు. ఏడాదికి రెండు క్లాసులకి వెళ్ళి ఒక ఇంటర్న్‌షిప్ ఇస్తే అది చిన్న సాయమేం కాదు. చెక్కు రాయలేకపోతున్నానని సిగ్గుపడకండి.

*

మూడు నిమిషాలు మాట్లాడమన్నారు అక్కయ్యా. ఇంగ్లీషు బాగానే వచ్చు గానీ మైకు చూస్తే నోరు ఎండిపోతుంది. ఏం చెప్పాలి?
— డాలస్ నుంచి ఒక తమ్ముడు

మూడు నిమిషాలంటే సుమారు 400 మాటలు. కాగితం మీద రాసుకోండి, అక్షరాలు పెద్దగా ప్రింట్ తీసుకోండి, మడత పెట్టకండి. మడత పెట్టిన కాగితం చేతి వణుకుని పదింతలు చేసి చూపిస్తుంది.

"రెండు సూట్‌కేసులతో, జేబులో ఇన్ని డాలర్లతో దిగాను" అని మాత్రం మొదలుపెట్టొద్దు. నేను కూర్చున్న సభల్లో ఆ సూట్‌కేసులు ఎన్నిసార్లు దిగాయో! వినేవాళ్ళు ఆ మాట దగ్గరే కాఫీ కోసం చూపు తిప్పుతారు.

ఒకాయన సంగతి చెప్తాను. కోల్డ్ స్టోరేజీ లారీలు నడిపేవాడు. మైకు దగ్గరికి వచ్చి దిగింది చెప్పలేదు, ఎదిగింది చెప్పలేదు. ఒక గురువారం గురించి చెప్పాడు. మర్నాడు జీతాల రోజు. పెద్ద కస్టమరు డబ్బు పంపలేదు, బ్యాంకులో సొమ్ము సరిపోదు. ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం చెక్కులు పంచాడు, గుండె దడదడలాడుతూ. లారీలు పంపించే డిస్పాచరు ఒకావిడ తన చెక్కు తీసుకుని, మొహం చూసి, డెస్కు డ్రాయర్లో పెట్టి తాళం వేసిందట. "సోమవారం దాకా నాకు బ్యాంకుకెళ్ళే పని లేదు" అందట. ఆయన అక్కడ ఆగి, "ఆవిడ ఆరో నంబరు బల్ల దగ్గరున్నారు" అన్నాడు. ఆవిడ లేవలేదు, చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. మొత్తం రెండు నిమిషాల నలభై సెకన్లు. వెనక బల్లల్లోని స్టూడెంట్లు తర్వాత చుట్టుముట్టింది ఆయన్ని కాదు, ఆవిడని.

మీకూ అలాంటి గురువారం ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని వెతకండి. థాంక్స్ చెప్పాల్సిన పేర్లు మూడుకి మించనివ్వకండి. డీన్ పేరు ఎలా పలకాలో ముందే అడిగి తెలుసుకోండి.

*

పది మంది కూర్చునే బల్ల 2,500 డాలర్లకి స్పాన్సర్ చేయమంటున్నారు. మొత్తం పన్నులో తగ్గించుకోవచ్చా? డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ నుంచి ఇవ్వొచ్చా?
— న్యూజెర్సీ

మొత్తం కుదరదు. మీరిచ్చిన దాంట్లోంచి మీకు తిరిగొచ్చిన దాని విలువ తీసెయ్యాలి. 75 డాలర్లు దాటి తీసుకుని, బదులుగా తిండో మరొకటో ఇస్తే, దాని విలువ ఇంత అని యూనివర్సిటీ రాతపూర్వకంగా చెప్పి తీరాలి, అది చట్టం. ఉదాహరణకి మనిషికి 40 డాలర్ల టిఫిను అనుకోండి. పది మందికి 400. మినహాయింపుకి మిగిలేది 2,100. 250 డాలర్లు, ఆపైన ఇచ్చిన దేనికైనా వాళ్ళ నుంచి ఉత్తరం మీ చేతిలో ఉండాలి, రిటర్ను వేసేలోపే. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు చూపిస్తే సరిపోదు.

"నేనెలాగూ వెళ్ళలేదు కదా, టిఫిను తినలేదు కదా" అంటే చెల్లదు. కొనేటప్పుడే ఆ కుర్చీలు నాకొద్దు అని చెప్పి ఉంటే అది వేరు. డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ అంటే డబ్బు ముందే విరాళంగా వేసేసి, ఎవరికివ్వాలో తర్వాత చెప్పే ఖాతా. దాన్నుంచి బల్ల కొనొద్దు. "టిఫిను విలువ నా జేబులోంచి, మిగతాది ఫండ్ నుంచి" అనే తెలివి కూడా పనికిరాదు. ఆ ఫండ్ నుంచి ఇస్తే బదులుగా మీకేమీ రాకూడదు.

ఇంకొన్ని గబగబా. మాట ఇచ్చిన ఏడాది మినహాయింపు రాదు, డబ్బు ఇచ్చిన ఏడాది వస్తుంది. మీ టైముకి విలువ కట్టి తగ్గించుకోవడానికి లేదు. సేవ కోసం కారు నడిపితే మైలుకి 14 సెంట్లు మాత్రం ఉంది. ఏడాది దాటి మీ దగ్గరున్న, విలువ పెరిగిన షేర్లు అమ్మకుండా షేర్లుగానే ఇస్తే లాభం మీద పన్ను పడదు, మార్కెట్ విలువంతా లెక్కలోకొస్తుంది. 2026 నుంచి కొత్త రూల్స్ వచ్చాయి: ఐటమైజ్ చేసేవాళ్ళకి, అంటే మినహాయింపులు విడివిడిగా రాసి చూపించేవాళ్ళకి, ఆదాయంలో అర శాతం దాటినదే లెక్క, చేయనివాళ్ళకి జంటకి 2,000 డాలర్ల దాకా, ఒంటరిగా అయితే 1,000 దాకా నగదు విరాళాలకి మినహాయింపు. కంపెనీ పేరు మీద, లోగోతో ఇస్తే అది ప్రకటన ఖర్చు కింద వస్తుందేమో మీ అకౌంటెంటుని అడగండి. నేను చందాల మనిషిని, మీ ఆడిటర్ని కాను.

*

మా అమ్మ పేరున స్కాలర్‌షిప్ పెడదామని. మా జిల్లా నుంచి వచ్చిన తెలుగు పిల్లలకే ఇవ్వాలి. మొదటి ఏడు మా అక్క కొడుకు అక్కడ చేరుతున్నాడు, వాడితో మొదలుపెడితే బాగుంటుందని ఆశ.
— పేరు రాయొద్దు

అమ్మ పేరు పెట్టడం మంచి పని. మిగతా రెండూ జరగవు.

మేనల్లుడి సంగతి ముందు. ఫలానా మనిషికి ఇవ్వమని ఇస్తే అది విరాళం కాదు, మేనల్లుడికిచ్చిన కానుక. యూనివర్సిటీ ద్వారా తిప్పినంత మాత్రాన మినహాయింపు రాదు. ఎంపిక కమిటీలో మీరు కూర్చుని చేతులెత్తించడమూ కుదరదు. వాడికి నేరుగా ఫీజు కట్టేయండి, ఎవరూ ఏమీ అనరు.

తెలుగువాళ్ళకే అనడం కూడా అంతే. ఫెడరల్ డబ్బు అందుకునే కాలేజీల్లో జాతి, రంగు, పుట్టిన దేశం చూసి వివక్ష చూపకూడదని 1964 పౌర హక్కుల చట్టంలో ఆరో టైటిల్ చెబుతుంది. అడ్మిషన్లలో జాతి చూడకూడదని 2023లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక యూనివర్సిటీ లాయర్లు పాత స్కాలర్‌షిప్ కాగితాలు కూడా బయటికి తీసి చదవడం మొదలుపెట్టారు. మీ మనసులో ఉన్నదేమిటో ఒకసారి చూసుకోండి. తెలుగు పిల్లలనా, లేక ఇంట్లో ఎవరూ కాలేజీ మెట్లెక్కని పిల్లలనా? రెండోదైతే "కుటుంబంలో మొదటిసారి కాలేజీకి వచ్చినవారికి" అని రాయించొచ్చు. సప్లై చైన్ చదివేవాళ్ళకి, పని చేసుకుంటూ చదివేవాళ్ళకి అని కూడా.

లెక్క కూడా తెలుసుకోండి. శాశ్వత నిధి పెట్టడానికి చాలాచోట్ల 25,000 లేదా 50,000 డాలర్ల నుంచి మొదలు. అసలు ముట్టుకోరు, ఏటా 4 శాతం చుట్టుపక్కల మాత్రమే బయటికి తీస్తారు. 50,000కి 4 శాతమంటే 2,000 డాలర్లు. ఒక కుర్రాడికి ఒక సెమిస్టరు పుస్తకాలు, కొంత అద్దె. "ఇంతేనా!" అని మొహం చిన్నబుచ్చుకున్న దాతలు ఎందరో. మీకు ఫలితం త్వరగా చూడాలని ఉంటే శాశ్వతం మాట పక్కనపెట్టి, ఐదేళ్ళపాటు ఏటా 10,000 ఖర్చు పెట్టే పద్ధతిలో ఇవ్వండి. అదే 50,000, ఐదుగురు పిల్లలకి నిజంగా ఆసరా. మా ఆఫీసువాళ్ళు శాశ్వతం వైపే లాగుతారు, నేనూ లాగాను. ఇప్పుడు రిటైరయ్యాను కనుక చెప్తున్నాను.

ఒప్పందం కాగితంలో ఒక పేరా మాత్రం తప్పకుండా చదవండి: ఆ కోర్సు మూతపడితే డబ్బు దేనికి వాడతారు, ఎవరిని అడుగుతారు అన్నది. ఇంకోటి, అమ్మ పేరు ఇంగ్లీషు స్పెల్లింగు మీరే టైప్ చేసి పంపండి, ఫోన్లో చెప్పకండి. ఒక ఏడు మా కార్యక్రమం పుస్తకంలో ఒక దాత తల్లి పేరులో ఒక ఎమ్ ఎగిరిపోయింది. ముందు రోజు రాత్రి పదకొండుకి ఎవరో గమనించారు. తెల్లవారుజామున ఐదింటికి హోటల్ వరండాలో, తివాచీ మీద కాళ్ళు చాపుకుని, మూడు వందల పుస్తకాల్లో తెల్ల స్టిక్కర్లు అంటించాను. ఒక స్టిక్కరు వంకరగా పడింది. సరిగ్గా ఆ పుస్తకమే ఆయన చేతికెళ్ళింది. గోటితో మెల్లగా గీకి, కింద ఏముందో చూసి, నా వైపు చూసి ఏమీ అనకుండా జేబులో పెట్టుకున్నారు. తిట్టినా బాగుండేది.

*

బిజినెస్ స్కూలుకి పేరు పెట్టించుకోవాలంటే ఎంతవుతుంది? ఊరికే అడుగుతున్నాను.
— ఊరికే అడిగిన పాఠకుడు

1881లో అయితే జోసెఫ్ వార్టన్ 1,00,000 డాలర్లకి సరిపెట్టారు. 2004లో మిషిగన్‌లో స్టీఫెన్ రాస్ పది కోట్ల డాలర్లు, 2008లో షికాగోలో డేవిడ్ బూత్ ముప్పై కోట్లు. నాకు వీటన్నిటికన్నా నచ్చింది విస్కాన్సిన్ సంగతి. 2007లో పదమూడు మంది పూర్వ విద్యార్థులు కలిసి ఎనిమిదిన్నర కోట్ల డాలర్లిచ్చి, కనీసం ఇరవై ఏళ్ళు ఆ స్కూలుకి ఎవరి పేరూ పెట్టొద్దన్నారు. మీరు ఊరికే అడిగారు కాబట్టి ఆ పద్నాలుగో చోటు గురించి ఆలోచించండి.

*

అక్కా, నేను బిజినెస్ అనలిటిక్స్ ఎంఎస్ చేస్తున్నాను, ఎఫ్-1 స్టూడెంటు వీసా మీద. నాకు స్కాలర్‌షిప్ ఇచ్చిన ఆయన పక్కనే కూర్చోబెడతారట. ఉద్యోగం అడిగెయ్యనా?

బంగారుతల్లీ, బల్ల దగ్గర అడక్కు. మీ ఇద్దరి మధ్య వెన్న గిన్నె ఉండగా అడిగితే ఆయన ఎటూ కదల్లేక "సరే చూద్దాం" అంటాడు, ఆ చూడటం ఎప్పటికీ జరగదు. ఆయన వ్యాపారంలో ఏ లెక్క ఆయనకి నిద్ర పట్టనివ్వట్లేదో అడుగు. నువ్వు చదివేది లెక్కలే కదా. రెండ్రోజుల్లో చేత్తో రాసిన ఉత్తరం పంపు. అందులో ఆయన చెప్పిన లెక్క గురించి నాలుగు వాక్యాలుంటే ఆయనే ఫోన్ చేస్తాడు.

ఫోన్ చేసినప్పుడు మాత్రం నీ వీసా సంగతి నువ్వే తేలిగ్గా చెప్పగలగాలి. చిన్న కంపెనీల వాళ్ళు ఆ మాట వినగానే లాయరు ఖర్చని బెదిరిపోతారు. చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి మీద 12 నెలలు పని చేయొచ్చనీ, దానికి కంపెనీ పైసా కట్టక్కర్లేదనీ చెప్పు. నీ డిగ్రీ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, లెక్కలు) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు. అప్పుడు కంపెనీ ఈ-వెరిఫైలో, అంటే ఉద్యోగికి పని చేసే హక్కుందో లేదో సరిచూసే ప్రభుత్వ పద్ధతిలో, ఉండాలి, ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక మీద సంతకం పెట్టాలి. ఈ నాలుగు ముక్కలూ అద్దం ముందు చెప్పి చూసుకో. ఇంకోటి, ఇంట్లో ఏదో ఒకటి తినేసి వెళ్ళు. దాత పక్కన కూర్చున్న స్టూడెంటు తిన్నట్టు నేనెప్పుడూ చూడలేదు.

*

శాకాహారులం. ఏమైనా దొరుకుతుందా?
— అట్లాంటా

వస్తున్నామని జవాబు రాసేటప్పుడే శాకాహారం అని రాయండి, గుడ్డు తినకపోతే అది కూడా విడిగా రాయండి. వాళ్ళ లెక్కలో గుడ్డు శాకాహారమే. రాయకపోతే గుడ్డు పక్కన బేకన్ ముక్కలతో పళ్ళెం వస్తుంది. దాన్ని పక్కకి జరిపి నవ్వుతూ కూర్చోవాలి.

*

అక్కయ్యగారూ, మా ఆయనకి సన్మానం. సంతోషమే. కానీ ఆహ్వానంలో నన్ను ఆయన "గెస్ట్" అన్నారు. పధ్నాలుగేళ్ళుగా కంపెనీ లెక్కలు, జీతాలు, సేల్స్ టాక్స్ అన్నీ నేనే చూస్తున్నాను. మొదటి మూడేళ్ళు నా ఉద్యోగం జీతంతోనే ఇల్లు గడిచింది. ఇది చెప్తే చిన్నబుద్ధి అనుకుంటారేమో.
— షార్లెట్

అనుకోరమ్మా. వాళ్ళకి తెలియదు, అంతే. ఫైల్లో మీ ఆయన ఒక్కరి పేరే ఉంటుంది, ఆ కాలేజీలో చదివింది ఆయన కనుక. కార్యక్రమం పుస్తకం సభకి పది రోజుల ముందు ప్రెస్సుకెళుతుంది కనుక ఈ పత్రిక మూసేసి ఇప్పుడే ఈమెయిల్ రాయండి. మీరు కాదు, మీ ఆయన చేత రాయించండి. "కంపెనీ మేమిద్దరం పెట్టాం, ఇద్దరి పేర్లూ వేయండి, ఫొటోలో ఇద్దరం ఉంటాం" అని మూడు ముక్కలు చాలు. మా ఆఫీసులో అలాంటి ఈమెయిల్ వస్తే విసుక్కునేవాళ్ళం కాదు, బతికిపోయాం అనుకునేవాళ్ళం. సభ అయ్యాక తెలిస్తే సర్దుకోవడం ఎంత కష్టమో మాకు తెలుసు.

ఇప్పటికే ప్రెస్సుకి వెళ్ళిపోయి ఉంటే, ఆ రోజు పది నిమిషాలు ముందు వెళ్ళండి. రిజిస్ట్రేషన్ బల్ల కింద అట్టపెట్టెలో ఖాళీ బ్యాడ్జీలు, ఒక నల్ల మార్కరు ఎప్పుడూ ఉంటాయి. "గెస్ట్" అని రాసి ఉన్నది వెనక్కిచ్చేసి, ఖాళీది ఒకటి అడిగి తీసుకోండి. పేరు కింద ఏం రాయాలో మీకు తెలుసు.